చిన్న క్రిస్మస్ చెట్టుకు రంగురంగుల సీరియల్ దీపాలు: ట్రూప్ బజార్‌లో కొన్న మూడు రకాలపై సమీక్ష

హాల్లో టీవీ పక్కన పెట్టుకునే రెండడుగుల ప్లాస్టిక్ చెట్టుకు దీపాలు ఎంచుకోవడం, ఆరడుగుల చెట్టుకు ఎంచుకోవడం కంటే కష్టం. పెద్ద చెట్టు మీద తీగ ఎలా ఉన్నా కొమ్మల్లో కలిసిపోతుంది. చిన్న చెట్టు మీద మాత్రం లావు తీగైనా, పెద్ద బల్బైనా, అక్కరలేని రంగైనా మొదట అదే కంటపడుతుంది. కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో ఒక చిన్న దీపాల దుకాణం నుంచి మూడు రకాల సెట్లు తెచ్చి, ఒకే చెట్టుకు ఒకదాని తరువాత ఒకటి చుట్టి చూశాను. వాటిలో మళ్లీ కొనదగినది ఒక్కటే.

మొదటిది దీపావళికి బాల్కనీల నిండా కనిపించే, నేరుగా ప్లగ్గులో పెట్టే సీరియల్ సెట్. ధరలో ఇదే అన్నిటికంటే చవక, వెలుగులో అన్నిటికంటే ఎక్కువ. దీనితో వచ్చే చిన్న పెట్టెకున్న బటన్ నొక్కితే దీపాలు పరుగెత్తడం, ఆరి వెలగడం వంటి ఎనిమిది రకాల ఆటలు ఆడతాయి. కానీ చిన్న చెట్టుకు దీన్ని నేను సిఫారసు చేయను. తీగ బిరుసుగా ఉండటం వల్ల సన్నని కొమ్మలు ఆ బరువుకు వంగిపోవడం ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది భద్రత. ఇలాంటి చవక సెట్లలో సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు కనుక, గోడలోని 230 వోల్టుల సరఫరాకూ చెట్టు మీది తీగకూ మధ్య అడ్డు అంటూ ఏమీ ఉండదు. ఒక్కో ఎల్ఈడీకి చేరేది రెండు మూడు వోల్టులే అయినా, తీగ మీది ప్లాస్టిక్ తొడుగు ఎక్కడైనా గీసుకుపోతే అక్కడ చేయి తగిలినవారికి తగిలేది ఇంటి కరెంటే. పైగా ఈ ప్లాస్టిక్ చెట్ల కొమ్మలు మెలితిప్పిన ఇనుప తీగ మీద పచ్చని రేకులు బిగించి చేసినవి. కొమ్మ చివర మొనదేలిన ఇనుము బయటికి పొడుచుకొని ఉండటం మామూలే. చిన్న పిల్లలు అందుకోగల ఎత్తులో ఉండే చెట్టుకు ఈ రెండింటి కలయిక మంచిది కాదు. బాల్కనీ రెయిలింగ్‌కైనా కొనదలిస్తే వాననీటిని తట్టుకోగలదని పెట్టె మీద రాసి ఉన్నదే కొనాలి.

రెండవది మూడు పెన్సిల్ సెల్లులతో నడిచే, ఒకే తీగ మీద నాలుగు రంగులు కలగలిపిన రాగి తీగ సెట్. వెంట్రుకకు కాస్త లావుగా ఉండే ఈ తీగ వేలితో ఎలా వంచితే అలా నిలుస్తుంది, కొమ్మకు చక్కగా అతుక్కుంటుంది. ఒక దీపం పోయినా మిగిలినవి వెలుగుతూనే ఉంటాయి. చిక్కు సెల్లులతోనే వచ్చింది. ఎరుపు, పసుపు ఎల్ఈడీలు సుమారు రెండు వోల్టులకు వెలుగుతాయి. నీలం, ఆకుపచ్చ వాటికి సుమారు మూడు కావాలి. సెల్లులు నీరసించే కొద్దీ నీలం, ఆకుపచ్చ ముందుగా మసకబారి, చివరికి చెట్టు మీద ఎరుపూ పసుపూ మాత్రమే మిగిలాయి. అమ్మే వారు ఈ సంగతి చెప్పరు. సెల్లుల ఖర్చు కూడా ధరలో కలిపి చూపరు. కరెంటు ప్లగ్గు అందని కిటికీ మూలకో, క్రిస్మస్‌కు పెట్టే బొమ్మల పశువుల పాక లోపలికో అయితే ఇది పనికివస్తుంది.

మూడవది కూడా రాగి తీగే, అయితే యూఎస్‌బీతో నడుస్తుంది, ఒక్కో తీగకు ఒక్కటే రంగు. ఫోన్ చార్జరు ఇచ్చే 5 వోల్టులు చాలు కనుక తీగను చేతితో సర్దుతున్నా భయం లేదు. పసుపు ఛాయ గల తెలుపు, ఎరుపు, నీలం తీసుకున్నాను. ఒకే చెట్టుకు మూడు తీగలు చుట్టడం చాదస్తంగా అనిపించవచ్చు గాని, ఏ రంగు ఎక్కడ ఉండాలో మనం నిర్ణయించుకునే వీలు ఇందులోనే ఉంది. తెలుపు తీగను కాండాన్ని ఆనించి లోపలగా చుట్టాను. పచ్చని రేకుల మీద ఆ కాంతి పడి చెట్టు లోపలి నుంచి నిండుగా కనిపించింది. ఎరుపు కాంతిని పచ్చరంగు పీల్చుకుంటుంది కనుక ఎరుపు దీపం లోపల పెడితే కొమ్మలు నల్లబడినట్టుంటాయి. దానిని కొమ్మల చివర్లకు తెస్తే పండు కాసినట్టు విడిగా మెరుస్తుంది. నీలం కంటికి గుచ్చుకునే రంగు. దానిని కింది వరుసల్లో, అదీ పలుచగా వాడితేనే బాగుంది. మూడు రంగులు మించకూడదన్నది నా అభిప్రాయం. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి క్రిస్మస్ చెట్టుకు మొట్టమొదటిసారిగా విద్యుద్దీపాలు అమర్చినప్పుడు వాడిన 80 బల్బులు కూడా ఎరుపు, తెలుపు, నీలం రంగులవే. చెట్టును గుండ్రంగా తిప్పే ఏర్పాటు కూడా చేసిన మనిషి రంగుల్లో మాత్రం అక్కడే ఆగాడు.

చుట్టేటప్పుడు ప్లగ్గు కొసను కింద ఉంచి, పైకి వెళ్లే కొద్దీ చుట్ల మధ్య దూరం తగ్గిస్తూ పోతే కొన సన్నబడినా వెలుగు తగ్గదు. మెరిసి ఆరే పద్ధతి ఈ పరిమాణానికి నప్పదు. నిలకడగా వెలిగేలా ఉంచడమే మేలు. విప్పేటప్పుడు రాగి తీగను లాగితే మడతపడిన చోట తెగుతుంది, అందుకే ఒక అట్టముక్కకు చుడుతూ విప్పాలి.

దుకాణం గురించి కొంత చెప్పాలి. అడిగిన ప్రతి సెట్టునూ అక్కడికక్కడే వెలిగించి చూపారు, ఇరుకులోనూ ఓపికగా పక్కపక్కన పెట్టి రంగులు పోల్చుకోనిచ్చారు. ధర చెప్పిన దానికి కొంత తగ్గించారు. మూడు తీగలు ఒకేసారి తీసుకుంటున్నానన్నాక ఇంకొంత తగ్గింది. బిల్లు మాత్రం అడిగితేనే ఇచ్చారు, గడప దాటాక మార్చేది లేదన్నారు. ఒక్క రంగు తీగలు దీపావళి ముందు ఉన్నంతగా డిసెంబరులో దొరకడం లేదు. అప్పటికి మిగిలేవి ఎక్కువగా కలగలుపు సెట్లే. కారులో వెళితే నిలుపుకునే చోటు దొరకదు, ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లడం సులువు. అక్కడ ఉన్నప్పుడే తీగ పొడవునా ప్రతి దీపమూ వెలుగుతోందో లేదో, యూఎస్‌బీ కొస దగ్గర తీగ కదిపితే ఆరిపోతోందేమో చూసుకొని డబ్బు చెల్లించండి.