కుట్లు విప్పి చూడడమా, విప్పకుండా గీసుకోవడమా: ఏది మేలు?

ఒక దుస్తును ఎలా కుట్టారో తెలుసుకోవాలనుకునేవారికి మూడు దారులున్నాయి. కుట్లను ఓపికగా విప్పి ముక్కలను వేరుచేయవచ్చు, కుట్టు పక్కనే కత్తెరతో కోసి విడదీయవచ్చు, లేదా దుస్తు మీద పల్చని నూలు గుడ్డ పరిచి, కుట్ల వెంబడి గుండుసూదులు గుచ్చి, ఆ ఆకారాలను గీసుకోవచ్చు. కత్తెర పని నిమిషాల్లో తెములుతుంది గాని, కుట్టుకు అవతల లోపల వదిలిన అంచు బట్ట, అంటే మార్జిన్, ముక్క నుంచి తెగిపోతుంది. బాగా చీకిపోయి, కుట్టు విప్పబోతే బట్టే చిరిగే దుస్తులకు తప్ప అది పనికిరాదు.

గుండుసూదుల పద్ధతిలో దుస్తు చెక్కుచెదరదు. ఇష్టంగా తొడుక్కునే చొక్కా లాంటిదే మరొకటి కావాలనుకున్నప్పుడు మనకు అవసరమైనది ఆకారమే గనుక, అక్కడ ఇదే మేలు. కాని కుట్టుపని నేర్చుకోవడానికి ఆకారం ఒక్కటే చాలదు. కోటు చేతి పైభాగపు వంపు, అది అతికే చంక గుండ్రం కంటే సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు పొడవుగా ఉంటుంది. ఆ అదనపు బట్టను కుచ్చులు కనబడకుండా కుట్టులో ఇముడ్చుతారు, భుజం దగ్గర చెయ్యి గుండ్రంగా నిలవడానికి అది తోడ్పడుతుంది. పైనుంచి గీసుకున్నవారికి ఆ అదనం ఎంతో అంతుపట్టదు. కాలరు లోపల గట్టిదనం కోసం పెట్టిన పొర సంగతీ అంతే.

విప్పడంలో లాభం ముక్కలు దొరకడం కంటే వరుస తెలియడంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. చివర వేసిన కుట్టు ముందుగా ఊడి వస్తుంది. చాలా చొక్కాల్లో పక్క కుట్టు, చేతి అడుగు కుట్టు ఒకే బారున వచ్చి చంక కుట్టును దాటి పోతాయి. ఆ బారు ఊడిన తరువాత కూడా చంక కుట్టు చెదరకుండా నిలిచి ఉంటే, బట్ట చదునుగా ఉండగానే చెయ్యి అతికించారని అర్థం. కోటులో అలా కాదు, పక్కలు మూసిన తరువాతే చెయ్యి ఎక్కుతుంది.

దీనికి సమయం ఎక్కువ పడుతుంది. ఒకవైపు మూడు నాలుగు కుట్లకొకటి తెంపి, రెండోవైపు దారాన్ని లాగితే బట్టకు దెబ్బ తగలదు. తొందరపడి లాగితే ఏటవాలుగా కత్తిరించిన మెడ భాగం సాగిపోయి, గీసుకున్న కొలత తప్పుతుంది. ప్రతి ముక్కకూ ముందు, వెనుక, నిలువు పోగు దిశ సుద్దతో గుర్తుపెట్టుకోవాలి. మొదటిసారి నేను ఆ పని చేయక, చేతి వంపులో ముందు భాగమేదో వెనుక భాగమేదో తేల్చుకోలేకపోయాను.

అందువల్ల నేర్చుకోదలచినవారు ఇక తొడుక్కోని దుస్తును తీసుకుని సగమే విప్పడం మంచిది. కుడి ఎడమలు సాధారణంగా ఒకే తీరున ఉంటాయి గనుక కుడివైపు ముక్కలను ఆవిరి ఇస్త్రీతో రుద్దకుండా అదిమి కాగితం మీద గీసుకుంటే, సందేహం వచ్చినప్పుడల్లా చూసుకోవడానికి ఎడమవైపు కుట్లు అలాగే ఉంటాయి. కాలరు నడిమధ్యన ఉంటుంది కాబట్టి దాన్ని ఒక కొస నుంచి మొదలుపెట్టి వీపు మధ్య వరకు విప్పి అక్కడ ఆపాలి.