శుక్రవారం సాయంత్రం రెండు రొట్టెలు

పోయిన అక్టోబరులో ఎడిసన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు మూడు వృద్ధుల నివాసాలు చూసొచ్చాను. న్యూజెర్సీ దాకా వచ్చి లిబర్టీ బొమ్మనూ నయాగరానూ చూడకుండా ఇదేం చోద్యమని మా వదిన ఫోన్లో నవ్వింది. అసలు సంగతి ఏమిటంటే, మా వారు పోయి రెండేళ్ళయింది. కాకినాడలో ఒక్కదాన్నే ఉంటున్నాను. అమ్మాయి ల్యాప్‌టాప్‌లో హైదరాబాద్ సీనియర్ అపార్ట్‌మెంట్ల ఫొటోలు తెరిచి ఉండడం నేను చూడనే చూశాను. "ఊరికే, అమెరికాలో ఎలా ఉంటాయో చూద్దాం అమ్మా" అంటే, నాకేమీ అర్థం కానట్టే చీర కట్టుకుని బయలుదేరాను.

మొదటిది ఇంటికి పావుగంట దూరంలో ఉంది. పేరు చెప్పను. హోటల్‌లా ఉంది, లాబీలో షాండ్లియర్ కూడా. గోడకి నెలంతటి కార్యక్రమాల పట్టీ వేలాడుతోంది. అందులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు: పది గంటలకి కుర్చీ యోగా, పదకొండుకి బింగో, రెండుకి రంగులు వేయడం. మేం వెళ్ళింది పదకొండుకే. హాల్లో పన్నెండు మంది టీవీ వైపు తిరిగి కూర్చున్నారు, ముగ్గురు నిద్రపోతున్నారు. బింగో మాట అడిగితే, నడిపించే అమ్మాయి ఆ రోజు సెలవట. టూర్ చూపించినావిడ గ్రానైట్ కౌంటర్ల గురించి ఎంతసేపైనా చెప్పింది గానీ, రాత్రిపూట ఎంతమంది పనివాళ్ళు ఉంటారని అడిగితే బ్రోషర్ చేతిలో పెట్టింది. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

రెండోది చూద్దామన్నది నేనే. అమ్మాయి ఆఫీసులో పనిచేసే ఒకాయన యూదుడు. "వృద్ధుల నివాసం ఎలా ఉండాలో చూడాలంటే న్యూయార్క్ బ్రాంక్స్‌లో రివర్‌డేల్ వెళ్ళండి, లోపల మ్యూజియం కూడా ఉంది" అన్నాడట. అది హీబ్రూ హోం, ఇప్పుడు రివర్‌స్ప్రింగ్ అంటున్నారు. 1917లో హార్లెంలో మొదలైంది. ఇప్పుడు హడ్సన్ నది ఒడ్డున 32 ఎకరాల్లో ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో మెట్రో నార్త్ హడ్సన్ లైన్ లోకల్ ఎక్కండి, ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. హార్లెం దాటాక మొదట హార్లెం నది, ఆ తర్వాత హడ్సన్, మీ పక్కనే నడుస్తాయి. అరగంట ప్రయాణం. 65 దాటినవాళ్ళకి టికెట్ తక్కువ, వయసు తెలిపే గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. రివర్‌డేల్ స్టేషన్ నది ఒడ్డున ఉంటుంది, ఊరేమో కొండ మీద. మోకాళ్ళు బాగా లేనివాళ్ళు ఆ ఎత్తు నడిచి ఎక్కే ప్రయత్నం చేయొద్దు. మేం పిలిచిన క్యాబ్ అతను మైలు దూరానికి తీసుకున్న డబ్బుతో కాకినాడ నుంచి అన్నవరం వెళ్ళి రావచ్చు. స్టేషన్‌కి దగ్గర్లోనే వేవ్ హిల్ అనే తోట ఉంది. మార్క్ ట్వైన్ 1901 నుంచి 1903 దాకా అద్దెకున్న ఎస్టేట్ అది. ఆకులు ఎర్రబడే అక్టోబరులో అక్కడ బెంచీ మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. సోమవారం మూసేస్తారు.

హీబ్రూ హోంలో మ్యూజియం పేరు డెర్ఫ్‌నర్ జుడాయికా మ్యూజియం. జుడాయికా అంటే యూదుల మత సంబంధమైన వస్తువులు. నాజీల నుంచి తప్పించుకొచ్చిన ఒకాయన, ఆయన భార్య తమ సేకరణ ఇచ్చేస్తే 1982లో పెట్టారు. వెండి కొవ్వొత్తి స్తంభాలు, సుగంధ ద్రవ్యాలు పోసుకునే గోపురం లాంటి చిన్న డబ్బాలు, హనుకా పండగ దీపాలు. ఏదో పెద్దింటి దేవుడి గది తెరిచి చూపించినట్టుంది. అయితే నేను ఎక్కువసేపు చూసింది అద్దాల బీరువాల్ని కాదు. చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఒక దీపం ముందు ఆగి, పక్కన ఉన్న సహాయకురాలికి ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఆవిడ జమైకా ఆవిడలా ఉంది, నిజంగానే వింటోంది. ఆయన మ్యూజియంకి రాలేదు, ఆయన ఇంట్లోనే మ్యూజియం ఉంది. వరండాల్లో కూడా బొమ్మలు వేలాడుతున్నాయి. అద్దాల్లోంచి హడ్సన్, అవతల పాలిసేడ్స్ కొండల గోడ. ఇదంతా చూసి సంతోషించాను గానీ, ఇంత పెద్ద చోట నన్ను దింపేస్తే మొదటి వారం దారి తప్పిపోతానేమో అని కూడా అనిపించింది. శుక్ర, శనివారాల్లో మ్యూజియం తెరిచి ఉంటుందని అనుకోకండి, మేం గురువారం వెళ్ళాం.

మూడోది మర్నాడే, శుక్రవారం. ఉత్తర న్యూజెర్సీలో చిన్న నివాసం, ఇది కూడా యూదుల సంస్థదే. అమ్మాయి ఆఫీసు ఆయన వాళ్ళమ్మ అక్కడే ఉంటారు. ఆవిడకి తొంభై రెండు. శుక్రవారం పొద్దు వాలితే వాళ్ళ వారపు విశ్రాంతి దినం, షబ్బాత్, మొదలవుతుంది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఆలోపు రండి అన్నారు. దారంతా ట్రాఫిక్, అమ్మాయికి టెన్షన్. ఆలస్యం మన ఇంటి పేరే కదా.

గుమ్మానికి కుడివైపు ఏటవాలుగా బిగించిన చిన్న గొట్టం ఉంది, మెజూజా అంటారు. లోపలికి వెళ్ళేవాళ్ళు వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు పెదాలకి ఆనించుకుంటున్నారు. నేనెలాగూ గడపకి దండం పెట్టేదాన్నే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. వసారాలో నలుగురు ఆడవాళ్ళు మాజాంగ్ పలకలు పెట్టెలో సర్దుతున్నారు, పొద్దు వాలేలోపు ఆట ముగించాలని. చైనా ఆట అమెరికా యూదు ఆడవాళ్ళ ఆట ఎలా అయిందో గానీ, న్యూయార్క్‌లో 1937లోనే దీనికి లీగ్ పెట్టుకున్నారు. ఏ పలకలు జతపడితే గెలుపో చెప్పే కొత్త కార్డు ఏటా వస్తుంది. కొత్త కార్డు వచ్చిన నెలలో ఇక్కడ స్నేహాలు చెడతాయని ఒకావిడ కన్ను కొట్టింది.

ఆఫీసు ఆయన వాళ్ళమ్మ గదిలో కూర్చున్నామో లేదో, వాకర్ పట్టుకున్న ముసలాయన తలుపు దబదబా కొట్టాడు. "ఎనిమిది మందిమి ఉన్నాం" అన్నాడు. సామూహిక ప్రార్థనకి పది మంది ఉండాలి, మిన్యాన్ అంటారు. పాతకాలపు పద్ధతిలో మగవాళ్ళనే లెక్కపెడతారు, ఈ చోట ఆడవాళ్ళనూ లెక్కిస్తారు. పది మంది లేకపోతే చనిపోయినవాళ్ళ కోసం చెప్పే కద్దీష్ చెప్పడానికి వీల్లేదు. ఆ వారం ఒకాయన తమ్ముడు పోయాడు. ఆయన కద్దీష్ చెప్పాలి. ఆవిడ మోకాలు నొప్పి, అతిథులొచ్చారు అని గొణిగింది. ముసలాయన కదల్లేదు. గొణుగుతూనే లేచి, లిప్‌స్టిక్ వేసుకుని మరీ బయలుదేరింది. అమ్మాయి నవ్వుతూ నన్ను చూపించి "మా అమ్మని లెక్కపెట్టుకోండి" అంటే ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మంచి మనిషే, కానీ కుదరదు" అన్నాడు.

నాకు మొదటిచోటి పట్టీ గుర్తొచ్చింది. అక్కడ ఎవరి తలుపైనా కొడితే మాత్రలివ్వడానికే కొడతారు. ఇక్కడ ఆవిడ రాకపోతే ఇంకొకరి పని ఆగిపోతుంది. తొంభై రెండేళ్ళకి మోకాలు నొప్పితో ఉన్న మనిషిని "నువ్వు రావాలి" అని అడిగేవాళ్ళు ఉన్నారన్నమాట.

భోజనాల హాల్లో నిజం కొవ్వొత్తులు లేవు, మంటల భయంతో కరెంటువి పెట్టారు. తెల్ల బట్ట కింద రెండు రొట్టెలు, జడ అల్లినట్టు. వాటి పేరు చల్లా. "చల్ల అంటే మా భాషలో మజ్జిగ" అని చెబితే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ మాట పలికి చూశారు. రెండే ఎందుకంటే, ఎడారిలో దేవుడు రోజూ కురిపించిన ఆహారం శుక్రవారం రెట్టింపు కురిసిందట, మర్నాడు విశ్రాంతి కాబట్టి. వడ్డించేవాళ్ళలో కొట్టాయం నర్సు ఒకమ్మాయి ఉంది. హీబ్రూ పాట అందరితో కలిసి తప్పులేకుండా పాడింది. నన్ను చూసి "ఆంటీ, సాంబారు లేదు" అంది.

శాకాహారులకి ఒక హెచ్చరిక. కోషర్ వంటింట్లో, అంటే యూదుల ఆహార నియమాలు పాటించే వంటింట్లో, మాంసం, పాలు కలవవు. గిన్నెలు, స్పూన్లు, సింకులు కూడా వేరువేరు. మన మడి వంట తెలిసినవాళ్ళకి వివరించక్కర్లేదు. ఈ పూట పాల భోజనం అంటే మాంసం ఉండదు, బాగానే ఉంది. కానీ చేప మాంసం కింద లెక్కకి రాదు, గుడ్డు కూడా అంతే. పాల భోజనమే కదా అని ధీమాగా చెంచా ముంచితే చేప ముక్క రావచ్చు. అడిగి తినండి. నాకు ఉడకబెట్టిన క్యారెట్, బంగాళదుంప పెట్టారు. ఉప్పు తగ్గించారంటే సరిపోదు, ఉప్పు పేరు కూడా ఎత్తలేదు. జేబులో పచ్చడి పొట్లం ఉన్నా తీయడానికి ధైర్యం చాల్లేదు.

అన్నీ బాగున్నాయని చెప్పను. భోజనం మధ్యలో ఒకాయన బాత్రూంకి వెళ్ళాలని బెల్ నొక్కితే మనిషి రావడానికి నా గడియారంలో ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రం ఆ అంతస్తుకి ఇద్దరే ఉన్నారట. ప్రార్థన, పాట ఎంత బాగున్నా ఆ ఇరవై రెండు నిమిషాలు ఆయనవి. లిఫ్ట్ కూడా షబ్బాత్ రోజు బటన్ నొక్కకుండా ప్రతి అంతస్తులో తనంతట తాను ఆగుతుంది. నియమం బాగుంది గానీ, నాలుగో అంతస్తు నుంచి దిగడానికి కాస్త ఓపిక కావాలి.

ఖర్చు గురించి అడిగాను, మనవాళ్ళకి ముందు అదే కావాలి కదా. సహాయంతో ఉండే ఇలాంటి నివాసాలకి చాలామంది సొంత డబ్బే కడతారు. మెడికేర్, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఆస్పత్రి నుంచి వచ్చాక కొద్దికాలం, మహా అయితే 100 రోజులు, నర్సింగ్ హోంలో చూస్తుంది తప్ప ఏళ్ళ తరబడి ఉండడానికి ఇవ్వదు. ఆస్తి కరిగిపోయినవాళ్ళకి నర్సింగ్ హోం ఖర్చు మెడికెయిడ్ అనే పేదల ప్రభుత్వ బీమా భరిస్తుంది. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకి మెడికేర్ కొనుక్కోవాలన్నా ఐదేళ్ళు ఇక్కడ ఉండాలి. ఎడిసన్ చుట్టూ మనవాళ్ళు పగలంతా గడిపే డే కేర్‌లున్నాయి, అక్కడ పప్పూ చారూ దొరుకుతాయి. కానీ సాయంత్రం వ్యాన్ మళ్ళీ ఇంటి దగ్గర దింపేస్తుంది.

వచ్చేముందు ఆ తొంభై రెండేళ్ళావిడ కిటికీ దగ్గర గాజు గ్లాసులో ఒక కొవ్వొత్తి చూపించింది. రాబోయే వారం భర్త యార్‌ట్సైట్, అంటే ఆయన పోయిన తిథి. ముందు రోజు పొద్దు వాలాక వెలిగిస్తే ఇరవై నాలుగు గంటలు వెలుగుతుంది. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది, హీబ్రూ తేదీ మారదు. వాళ్ళకీ చంద్రుడి నెలలే, మన అధిక మాసంలాగే పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అదనపు నెల వస్తుంది. "మాకూ తద్దినం తిథి ప్రకారమే" అన్నాను. "ఆ రోజు మీ దగ్గరికి ఎవరొస్తారు?" అని అడిగింది. మా వీధి పురోహితుడు, పక్కింటి సుబ్బలక్ష్మి అని చెప్పాను. తల ఊపింది.

కారులో అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "హైదరాబాద్ వాళ్ళకి మెయిల్ పెట్టనా అమ్మా? ఏమైనా అడగాలా?" అంది.

"పొద్దున్నే కార్తీక స్నానానికో దేనికో వచ్చి తలుపు కొట్టేవాళ్ళు ఎవరైనా ఉంటారా అని అడుగు" అన్నాను.

నిజంగానే అడిగింది. రెండు రోజులకి జవాబు వచ్చింది, చాలా మర్యాదగా: మా దగ్గర 24 గంటల సెక్యూరిటీ ఉంది మేడమ్, మీ అమ్మగారి ప్రైవసీకి పూర్తి గ్యారంటీ, ఎవరూ వచ్చి తలుపు కొట్టరు.