మూడు కొండలు తిరిగి ఒక చిన్న పందెం పెట్టాం

మ్యాప్‌లో చుక్కల గీత స్పష్టంగా ఉంది. కొండ నడుము చుట్టి, అవతలి లోయలోకి దిగి, వాగు వెంబడి మళ్లీ మొదలైన చోటికే వస్తోంది. దాదాపు 9 కిలోమీటర్లు. కొండదారుల్లో పరిగెత్తే చిన్న ట్రైల్ పందేనికి ఇంతకంటే ఏం కావాలనుకుని, నేనూ నా మిత్రుడూ తెల్లారకముందే బయల్దేరాం. రెండో కిలోమీటరు దాటాక ఆ గీత నేరుగా ముళ్లపొదల్లోకి దూరింది. ఫోన్‌లో చూస్తే సరిగ్గా దారి మీదే ఉన్నాం. తలెత్తి చూస్తే నిలువెత్తు పొదలు.

"ఇది గీసినవాడు ఎప్పుడొచ్చి గీశాడో" అన్నాడు మావాడు, మోచేతిలో దిగిన ముల్లు పీక్కుంటూ.

వాడన్నది నిజమే. మేం నమ్ముకున్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ని ఎవరైనా దిద్దవచ్చు. అందువల్లే పెద్ద కంపెనీల మ్యాపుల్లో లేని కాలిబాటలు కూడా ఇందులో దొరుకుతాయి. కానీ ఎవరో ఒకసారి నడిచి గీసిన గీత అలాగే ఉండిపోతుంది. కాళ్లు తగలని దారి మాత్రం రెండు వానలకే మూసుకుపోతుంది. అందుకని తర్వాత నుంచి, పరుగులు నమోదు చేసుకునే యాప్ స్ట్రావా హీట్‌మ్యాప్ కూడా తోడు పెట్టుకున్నాం. జనం ఎక్కువగా పరిగెత్తిన దారులు అందులో మెరుస్తూ కనిపిస్తాయి. అదీ పూర్తిగా నమ్మదగింది కాదు. ఎంతమంది తిరిగారో చెబుతుంది తప్ప, తిరగడానికి వాళ్లకు అనుమతి ఉందో లేదో చెప్పదు. 2018 జనవరిలో అదే హీట్‌మ్యాప్‌లో ఎడారుల మధ్య సైనిక స్థావరాల రూపురేఖలు బయటపడి పెద్ద గొడవే అయింది. మెరిసే గీత కనబడగానే పందెం పెట్టేద్దామని ఉబలాటపడేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఆ ముళ్లపొదను లెక్కలోంచి తీసేస్తే మొత్తం మూడు చోట్లు చూశాం. మూడు వారాంతాలు, మూడు రకాల బసలు. మాకు కావలసింది సుమారు 10 కిలోమీటర్లకు మించని పందెం, 50 మందికి మించని రన్నర్లు.

మొదటిది రిడ్జ్ దారి. అందంలో దానికి సాటి లేదు. 11 కిలోమీటర్లు, 620 మీటర్ల ఎక్కుడు. పైకి చేరాక కొండ వెన్ను మీదే పరిగెత్తాలి, రెండు వైపులా లోయలే. మావాడు అక్కడికక్కడే పందెం పేరు కూడా పెట్టేశాడు. నాకూ ఆశగానే ఉంది. అయితే కూర్చుని లెక్కేస్తే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మొదలయ్యేది ఒక చోట, ముగిసేది ఇంకో చోట, కాబట్టి రన్నర్లను వెనక్కి తేవడానికి బస్సు కావాలి. మొదటి అడుగు నుంచే ఒక్క మనిషి పట్టే సన్నదారి. 50 మందిని ఒకేసారి వదిలితే ముందున్న పదిమంది పరిగెడతారు, మిగతావాళ్లు వరసలో నడుస్తారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, మధ్యలో 6 కిలోమీటర్ల పాటు కిందికి దిగే దారే లేదు. ఎవరి చీలమండైనా మెలిక పడితే మోసుకు రావాల్సిందే.

ఆ పైన ఉరుములు. చివరి ఉరుము వినిపించాక కనీసం 30 నిమిషాలు ఆగాలన్నది ఆరుబయట ఆటలన్నిటికీ చెప్పే జాగ్రత్త. ఆ రిడ్జ్ మీద ఆగడానికి చెట్టు చాటు కూడా లేదు, ఉన్నా పిడుగుల వేళ చెట్టు కింద నిలబడకూడదు. 2021 మే నెలలో చైనాలోని గన్సు ప్రాంతంలో జరిగిన 100 కిలోమీటర్ల ట్రైల్ పందెంలో వాతావరణం ఒక్కసారిగా మారి, వడగళ్లు, చలివాన, ఈదురుగాలిలో చిక్కుకుని 21 మంది రన్నర్లు చనిపోయారు. మనది 10 కిలోమీటర్లే కదా అని మావాడు వాదించాడు. దూరం తక్కువే, కానీ దిగే దారి లేని చోట ఒక గంట ఇరుక్కున్నా ప్రమాదమే అన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

బస మాత్రం అక్కడే బాగా కలిసొచ్చింది. కొండ కింద కొండలెక్కేవాళ్ల కోసం ఉన్న డార్మిటరీలో దిగాం. ఒక గదిలో పన్నెండు మంచాలు, ఒకదాని మీద ఒకటి. కిటికీ తలుపు సరిగ్గా పడదు. వేడినీళ్లు లేవు. పై మంచం మీదాయన గురక కొండ అవతలికి వినిపించి ఉంటుంది. కానీ దాన్ని చూసుకునే పెద్దాయన మా ఫోన్‌లో మ్యాప్ చూసి నవ్వి, "ఈ దారి మీ మ్యాప్‌లో ఉందేమో గానీ కొండ మీద లేదు బాబూ" అన్నాడు. తర్వాత కాగితం తీసుకుని ఏ దారి ఎక్కడ తెగిందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో గీసి చూపించాడు. ఆ కాగితం మా దగ్గరున్న అన్ని యాప్‌ల కంటే ఎక్కువ పనికొచ్చింది. పాత క్వారీ సంగతి చెప్పిందీ ఆయనే. అప్పుడు మేం పట్టించుకోలేదు. క్వారీలో పందెమేమిటి అనుకున్నాం.

రెండోది అడవి దారి. మెత్తటి మట్టి, నీడ, అక్కడక్కడా చెట్ల వేళ్లు. పరిగెత్తడానికి మూడింటిలోకీ హాయైన చోటు ఇదే. ఒకే దారి మీద పక్కపక్కనే పరిగెత్తినా నా వాచ్ 7.4 కిలోమీటర్లంది, మావాడిది 7.9 అంది. దట్టమైన ఆకుల కింద ఉపగ్రహ సంకేతాలు చెదిరిపోతాయి, పైగా వాచ్ కొన్ని సెకన్లకోసారి మాత్రమే చుక్క పెట్టుకుంటే ఆ చుక్కల మధ్య ఉన్న మలుపులన్నీ తెగిపోయి గీత తిన్నగా అయిపోతుంది. అందుకే ట్రైల్ పందెంలో దూరాన్ని మరీ గీసి గీసి చెప్పకూడదు. "సుమారు 7.5" అంటే చాలు. రోడ్డు పందేలకు అలవాటుపడ్డవాళ్లు దీని మీద తగువు పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి.

అడవి దారిని వదులుకోవడానికి కారణం అనుమతి. ఆఫీసులో వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. పక్షులు గూళ్లు కట్టే కాలంలో గుంపులుగా ఎవరినీ లోపలికి పంపరట, మేం అనుకున్న నెల సరిగ్గా అందులోనే పడింది. న్యాయమైన మాటే. ఇంకో చిక్కు, ఒకేలా కనిపించే కూడళ్లు తొమ్మిది. ప్రతి కూడలిలో ఒక మనిషిని నిలబెట్టాలంటే అక్కడికే తొమ్మిది మంది వాలంటీర్లు కావాలి.

ఈసారి బస 20 కిలోమీటర్ల అవతల, కాస్త మంచి హోటల్లో. పరుపు బాగుంది, వేడినీళ్లున్నాయి. కానీ గేటు ఆరింటికి గానీ తీయరు, వంటగది ఎనిమిదికి. ముందు రాత్రే చెప్పాం, "చూద్దాం సర్" అన్నారు. పొద్దున ఐదింటికి బూట్లు వేసుకుని రిసెప్షన్‌లో కూర్చుని ఒక గంట గోడ గడియారం చూశాం. దారి చూడ్డానికి వెళ్లేవాళ్లకు అలాంటి హోటల్ దండగ. పందెం అయ్యాక కుటుంబంతో ఒకరోజు ఉండి విశ్రాంతి తీసుకోవడానికైతే చెప్పవచ్చు.

చివరికి పెద్దాయన చెప్పిన క్వారీకే వెళ్లాం. చూడ్డానికి ఏమీ బాగోదు. పని ఆగిపోయి చాలా కాలమైంది, చెక్కేసిన కొండ, తుప్పు పట్టిన ఇనుము, కంకర. కానీ లారీల కోసం వేసిన వెడల్పాటి రోడ్డు కొండ చుట్టూ తిరుగుతుంది. మొదటి 800 మీటర్లు ఆ రోడ్డు మీదే పరిగెడితే, సన్నదారి వచ్చేసరికి గుంపు దానంతటదే సాగిపోతుంది, తోపులాట ఉండదు. మొత్తం లూప్ 5 కిలోమీటర్లు, ఎక్కుడు 180 మీటర్లు. దారిలో ఏ చోటైనా అంబులెన్స్ ఆగే చోటికి 600 మీటర్ల లోపే. స్థలం ఎవరిదో తేలిగ్గా తెలిసింది, రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. పైగా క్వారీ వెనక వైపు మూడో కిలోమీటరు దగ్గర ఒక లోయ అంచు దారి ఉంది. గడ్డి, గాలి, దూరంగా నీళ్లు. ఆ ఒక్క కిలోమీటరు కోసం మిగతా నాలుగూ భరించవచ్చు.

ఒక లూప్ పందెం, రెండు లూప్‌ల పందెం అని రెండు పెట్టాం. అంతర్జాతీయ ట్రైల్ రన్నింగ్ సంఘం ఐట్రా వాడే లెక్క ఒకటుంది, దూరానికి ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకీ ఒక కిలోమీటరు కలుపుతారు. మా రెండు లూప్‌లూ కలిపితే 13.6. వాళ్ల పట్టికలో 25 లోపువన్నీ ఎక్స్ఎక్స్ఎస్, అంటే పసిపిల్లల చొక్కా సైజు. పొట్టిదైతే తేలికని మాత్రం కాదు. అలాస్కాలోని సీవర్డ్‌లో 1915 నుంచి జరుగుతున్న మౌంట్ మారథాన్ పందెం మొత్తం 5 కిలోమీటర్లే, అందులో 900 మీటర్లకు పైగా ఎక్కి దిగాలి. మాది దాని ముందు పార్కులో షికారు.

వాలంటీర్లు తమ చోట్లకు ఎప్పుడు బయల్దేరాలో తేల్చడానికి 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన పాత సూత్రం వాడాం. 5 కిలోమీటర్ల నడకకు గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. మా లూప్‌కి 78 నిమిషాలొచ్చింది. చివరి మనిషి వెనకే నడిచే స్వీపర్‌కీ దాదాపు అంతే పట్టింది. నూట ముప్పై ఏళ్లు దాటిన సూత్రం అంత సరిగ్గా సరిపోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

ముందు రోజు రాత్రి క్వారీ దగ్గరే టెంట్ వేసుకున్నాం. రాళ్ల మీద నిద్ర పట్టలేదు, నడుం పట్టేసింది. అయినా పందెం పెట్టేవాళ్లు ముందు రాత్రి అక్కడే పడుకోవాలని నేను గట్టిగా చెబుతాను. మేం సాయంత్రం 140 రిబ్బన్లు కట్టాం. తెల్లవారుజామున ఒకసారి దారంతా తిరిగితే మూడు కూడళ్లలో ఎవరో పీకేశారు. హోటల్లో ఉండి ఉంటే ఆ సంగతి రన్నర్లు దారి తప్పాకే తెలిసేది. రిబ్బన్లన్నీ ఒకే వైపు కట్టాలి, మాది కుడి వైపు. మలుపు దగ్గర ఒకటి కాదు, మలుపు తిరిగాక 20 మీటర్లకు ఇంకొకటి ఉండాలి, సరైన దారిలోనే ఉన్నానన్న ధైర్యం అదే ఇస్తుంది. ముగ్గుపిండిలాంటి తెల్లపొడితో బాణాలు వేద్దామన్నాడు మావాడు. రాత్రి చినుకులు పడ్డాయి, వేసి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు.

సర్వీసుల సంగతి. రన్నర్లకు చిప్ తగిలించి టైము దానంతటదే నమోదు చేసే చిప్ టైమింగ్ వాళ్లతో మాట్లాడి వద్దనుకున్నాం. చాపలాంటి మ్యాట్లు, వాటికి కరెంటు, వాళ్లకో టెంటు. 50 మందికి అంత హంగు అక్కర్లేదు. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో పార్క్‌రన్ అనే ఉచిత వారాంతపు పరుగు మొదలైనప్పుడు, ముగించినవాళ్ల చేతికి హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న ఇనుప వాషర్లు ఇచ్చేవారట. మేమూ అంకెలు రాసిన బిళ్లలిచ్చాం. ఒకరు స్టాప్‌వాచ్ నొక్కుతారు, ఒకరు కాగితం మీద రాస్తారు. ఫలితాలు పదిహేను నిమిషాల్లో తయారయ్యాయి.

వాకీటాకీలు అద్దెకు తెచ్చాం. డబ్బు సగం దండగైంది, తప్పు మాదే. కొండ అడ్డొస్తే వాటి మాట వినబడదన్న ఆలోచనే లేదు. చివరి నిమిషంలో కొండ పైన ఒకమ్మాయిని కూర్చోబెట్టి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పించాం. ఆరోజు అందరికంటే ఎక్కువ అలిసిపోయింది ఆమే. అంబులెన్స్ మాత్రం చెప్పిన టైముకి ముందే వచ్చింది. ఒక మోకాలి గీత, ఒక చీలమండ బెణుకు, అంతకుమించి పని పడలేదు. మొబైల్ టాయిలెట్లు రెండే తెచ్చాం. వరస తరగక పందెం 15 నిమిషాలు ఆలస్యమైంది. ఇంకోసారి నాలుగు తెస్తాం.

అసలు టెన్షన్ చివర్లో. మొదలుపెట్టినవాళ్లు 46, ముగించినవాళ్లు 44, మధ్యలో ఆగిపోయానని చెప్పినవాళ్లు ఒకరు. ఇంకొకరు లేరు. స్వీపర్ వచ్చేశాడు, దారిలో ఎవరూ కనబడలేదన్నాడు. లోయ అంచు గుర్తొచ్చి కాళ్లు చల్లబడ్డాయి. ఇద్దరిద్దరు చొప్పున మళ్లీ దారి పట్టాం. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. గంటన్నర తర్వాత ఆయనే తిరిగి ఫోన్ చేశారు. మొదటి లూప్ అవగానే విసుగొచ్చి కారెక్కి ఇంటికెళ్లి పడుకున్నారట. "చెప్పాలని తెలీదండీ" అన్నారు. నాకు కోపం రాలేదు. బిబ్, అంటే చొక్కాకి తగిలించుకునే నంబరు కాగితం, తిరిగిచ్చి వెళ్లాలని మేమెక్కడా రాయలేదు, మొదలయ్యే ముందు నోటితో కూడా చెప్పలేదు. ఇప్పుడు ప్రతి బిబ్ వెనకా అదే మొదటి వాక్యం, కింద మా నంబరు.

మర్నాడు రిబ్బన్లు విప్పడానికి మేమిద్దరమే వెళ్లాం. పీకేసిన మూడింటి బదులు కొత్తవి కట్టాం కాబట్టి దారిలో 140 ఉండాలి, 138 దొరికాయి. రెండో చుట్టు కూడా తిరిగాం, లేవు. వారం తర్వాత డార్మిటరీ పెద్దాయన్ని కలవడానికెళ్తే, ఆయన చేతికర్రకి ఎర్ర రిబ్బన్ ఒకటి కట్టి ఉంది.

"మీదేనా బాబూ ఇది?" అన్నాడు. ఆయనకే వదిలేశాం. ఇంకొకటి ఇంకా దొరకలేదు.