గోదురు కప్పల ఫోటోలకు హైదరాబాద్ చుట్టూ: ఎక్కడ తిరగాలి, ఎక్కడ దిగాలి

మిరుగు దాటి రెండు గట్టి వానలు పడ్డాయంటే నాకు ఇంట్లో కాలు నిలవదు. పక్షుల ఫోటోలు తీసేవాళ్లు హైదరాబాద్‌లో గల్లీకొకరు దొరుకుతారు గానీ రాత్రిపూట టార్చి పట్టుకుని గోదురు కప్పల (ఇంగ్లీషులో టోడ్) వెంట తిరిగేవాళ్లు తక్కువ, కాబట్టి ఎక్కడికెళ్లాలి, ఎక్కడ పడుకోవాలి అని అడిగినా చెప్పేవాళ్లుండరు. నేను చూసే లెక్క ఒకటే, చీకటి పడ్డాక అక్కడ కాలినడకన తిరగనిస్తారా లేదా. అడవికి ఎంత పేరున్నా తర్వాతి సంగతి.

కేబీఆర్ పార్కునే తీసుకోండి. 1998 నుంచి నేషనల్ పార్కు, ఊరి నడిబొడ్డున బండరాళ్లు, పొదలు అన్నీ ఉన్నాయి, కానీ వాకర్లకు పొద్దున, సాయంత్రం మాత్రమే. సరిగ్గా గోదురు కప్ప డ్యూటీ ఎక్కే టైముకి మనల్ని బయటికి పంపేస్తారు. చిలుకూరు దగ్గరి మృగవనిలోనూ రాత్రి ఆశ పెట్టుకోవద్దు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళితే మాత్రం నీటి గుంటల్లో గుడ్లు కనబడొచ్చు. పొడుగాటి జిగురు దారానికి నల్లపూసలు గుచ్చినట్టుంటే గోదురు కప్పవి, ముద్దగానో నీటి మీద పొరలాగానో ఉంటే వేరే కప్పలవి. సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో చెరువులూ గుట్టలూ బ్రహ్మాండంగా ఉంటాయి, కాకపోతే లోపల చదివేవాళ్లో పనిచేసేవాళ్లో తెలిసుండాలి.

అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. పక్షులకైతే వెళ్లండి. మామూలు గోదురు కప్ప కోసం అంత దూరం అక్కర్లేదు, కాలనీ చివర, మోరీ పక్కనున్న వీధి దీపం కింద వానాకాలం రాత్రి ఓ గంట కూర్చుంటే చాలు. దీపానికి పురుగులు, పురుగులకు కప్పలు. ఒకసారి ఈసుళ్లు రాలుతుంటే ఒక పెద్ద ఆడకప్ప నా చెప్పు పక్కనే కూర్చుని మింగుతూ ఉంది, మింగిన ప్రతిసారీ కళ్లు రెండూ లోపలికి గుంజుకుపోతున్నాయి. ఆ కనుగుడ్లే కిందికి దిగి తిండిని గొంతులోకి తోస్తాయి. ఆ ఫోటో కావాలంటే కెమెరాను నేలకు ఆనించాల్సిందే, నిలబడి తీస్తే వచ్చేది వీపు ఒక్కటే.

గుర్తుపట్టడానికి ఆ వీపు ఒక్కటీ చాలదు. తల పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, కాలివేళ్లు ఒకటి, గొంతు కనబడేలా ఒకటి తీసి పెట్టుకోండి. కంటి చుట్టూ నల్లటి గట్టి అంచు, కంటి వెనక ఉబ్బెత్తుగా పొడుగాటి విషగ్రంథి, వేళ్ల కొసలు నలుపు, ఇవన్నీ ఉంటే మన మామూలు గోదురు కప్ప, శాస్త్రీయ నామం డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. తల మీద అంచులే లేకుండా, ఒంటి మీద మరకలు మరకలుగా ఉంటే మార్బుల్డ్ టోడ్ కావచ్చు. రెండంగుళాలు కూడా దాటని ఫెర్గూసన్స్ టోడ్ ఇంకొకటి ఉంది, దీంతోనే తలనొప్పి, ఎందుకంటే మామూలు జాతి పిల్లలు కూడా అంతే ఉంటాయి, వాటి అంచులు ఇంకా నల్లబడి ఉండవు. సైజు చూసి పేరు పెట్టేయకండి. పాత పుస్తకాల్లో ఇవన్నీ బ్యూఫో అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కింద ఉంటాయి. 2006లో దాన్ని విడదీసి, భారతీయ శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా మీదుగా డట్టాఫ్రైనస్ అన్న పేరు పెట్టారు. అరుపు కూడా ఫోన్లో రికార్డు చేసుకోండి, ఫోటోలన్నీ కలిపి ఐనాచురలిస్ట్ అనే జీవుల ఫోటోల వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు సరిచేస్తారు.

నా ఓటు అనంతగిరికే. వికారాబాద్ పక్కన, సిటీ నుంచి 80 కిలోమీటర్ల లోపు, మూసీ పుట్టేది అక్కడే. బస విషయంలో మాత్రం ఫోటోలు చూసి పడిపోవద్దు. స్విమ్మింగ్ పూల్, లాన్ ఉన్న ఒక ప్రైవేటు రిసార్టులో బాగానే డబ్బు పోసి దిగాను. సాయంత్రం కాగానే దోమల పొగ కొట్టారు, ఆపైన డీజే, ఆపైన లాన్ అంతా ఫ్లడ్ లైట్లు. గేటు దాటి బయటికి వెళ్తానంటే వాచ్‌మన్ ససేమిరా అన్నాడు. పురుగు లేని చోట కప్పేం చేస్తుంది? టూరిజం వాళ్ల హరిత రిసార్టు అడవి పక్కనే కాబట్టి కుటుంబంతో వెళ్లేవాళ్లకు అదే నయం.

నాకు బాగా కుదిరింది మాత్రం కుంట పక్కన ఒక రైతు ఇల్లు. అటాచ్డ్ బాత్రూమ్ లేదు, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, జొన్నరొట్టె, పచ్చిపులుసు మాత్రం మనసారా పెట్టారు. ఇంటి పెద్దాయన నన్ను చూసి "గోండ్రు కప్పను ఏం ఫోటో తీస్తవ్ బిడ్డా, ముట్టుకుంటే పులిపిర్లొస్తయ్" అన్నాడు. "పులిపిర్లు వైరస్ వల్ల వస్తయ్ పెద్దయ్యా, కప్పతోటి రావు, కానీ దాని చెవుల వెనక పాలు కంట్లో పడితే మండుతది" అంటే, కాసేపు ఆలోచించి, చిన్నప్పుడు రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడినప్పుడు ఎవరికీ ఏమీ కాలేదని తనే ఒప్పుకున్నాడు. తర్వాత ఆయనే బోరు మోటారు గుంట దగ్గరికి తీసుకెళ్లాడు. పసుపు రంగుకు తిరిగిన మగ కప్పలు గొంతు బుడగలు ఉబ్బించి ఒకటే మోత. ఒక మగది ఇంకో మగదాన్ని పట్టుకోగానే కిందున్నది కిచకిచా అరుస్తుంది, వదిలెయ్ అని. ఏ గైడూ నాకు అది చూపించలేదు.

నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వు వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపేస్తారు, టైగర్ రిజర్వులో రాత్రి కాలినడక కుదరదు. అటవీ శాఖ బస, సఫారీ జంతువుల కోసమైతే పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి, కప్పల కోసం మాత్రం వద్దు. తూర్పు కనుమల బండల మీద ఉండే రాతి గోదురు కప్ప, అదే నున్నటి చర్మం, చదును ఒళ్లు ఉండేది, ఎప్పటికైనా తీయాలని నాకూ ఉంది, దానికి తెలిసినవాళ్లతో అనుమతి తీసుకుని వెళ్లడమే దారి.

గమ్ బూట్లు తప్పనిసరి, కప్ప ఉన్న చోటికి పాము వస్తుంది. చేతికి దోమల మందు రాసుకుని కప్పను పట్టుకోవద్దు, అది చర్మంతోనే నీళ్లు పీల్చుకుంటుంది. ఒక కుంట నుంచి ఇంకో కుంటకు వెళ్లేముందు బూట్ల బురద కడిగి ఆరబెట్టండి, కప్పల్ని చంపే చర్మపు బూజు అలాగే పాకుతుంది. యాప్ క్యాబ్‌లు వికారాబాద్ వైపు వెళ్లడానికి వస్తాయి, అర్ధరాత్రి తిరిగి రావడానికి దొరకవు, రోజు బాడుగకు బండి మాట్లాడుకుని వెయిటింగ్ ఎంతో ముందే తేల్చుకోండి. వానరాత్రి తారు రోడ్డు మీదే కప్పలు కూర్చుంటాయి కాబట్టి నెమ్మదిగా పోనిమ్మని కూడా డ్రైవర్‌కు బయల్దేరే ముందే చెప్పాలి, మధ్యలో చెబితే వినడు.