కొడైకెనాల్‌లో సూర్యుడి కోసం రెండు రోజులు

కొడైకెనాల్ వెళ్లొచ్చామంటే అందరూ లేక్‌లో బోటింగ్ చేశారా, చాక్లెట్లు తెచ్చారా అనే అడుగుతున్నారు. బోటింగ్ చేశాం, గంటసేపు క్యూలో నిలబడి. అది మానేసినా నష్టం లేదు. మేం వెళ్లింది అసలు అక్కడి సోలార్ అబ్జర్వేటరీ కోసం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సూర్యుడి పొరల బొమ్మ గీస్తూ "లోపల ఇన్ని పొరలున్నాయని ఎవరు చూశారు నాన్నా?" అంది. జవాబు తెలియక టికెట్లు బుక్ చేశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మాది తెనాలి. చెన్నై వెళ్లి, ఎగ్మోర్‌లో రాత్రి పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కొడై రోడ్ స్టేషన్. అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు మీద సుమారు 80 కిలోమీటర్లు. 2024 మే నుంచి బయటి బండ్లకు ఈ-పాస్ ఉండాలి, సొంత కారులో వెళ్లేవాళ్లు ఇంట్లోనే తీసేసుకోండి. మలుపులకు కడుపు తిప్పేవాళ్లు రెండు ఇడ్లీలతో ఆగిపోవడం మంచిది.

మొదటి రాత్రి లేక్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. రూమ్ 2,800. వ్యూ బాగుంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్లే లేవు. పైన సోలార్ హీటర్ ఉందట, రెండు రోజులుగా మబ్బట. "సన్ వస్తే వాటర్ వస్తుంది సార్" అన్నాడు రూమ్ బాయ్, చాలా మర్యాదగా. బకెట్‌లో చెయ్యి పెట్టి తీసేశాను. మర్నాడే అబ్జర్వేటరీ రోడ్డులో ఒక హోమ్‌స్టేకి మారిపోయాం. అక్కడ గీజర్ ఉంది, ధర 600 తక్కువ, రాత్రి రసం అన్నం పెట్టారు. బజారుకు దూరమే, కానీ పొద్దున్నే అబ్జర్వేటరీకి వెళ్లాలనుకునేవాళ్లకి ఇదే నయం.

ట్యాక్సీవాళ్ల "12 పాయింట్ల" ప్యాకేజీలో అబ్జర్వేటరీ లేదు. "అక్కడేముంది సార్, పాత బిల్డింగులు" అన్నాడు మా డ్రైవర్. అదనంగా 400 ఇస్తానంటే తీసుకెళ్లాడు. పర్యాటకులను లోపలికి పంపే వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పొద్దున వెళ్లండి. మధ్యాహ్నానికి మంచు కమ్మేస్తే చూడటానికి ఏమీ మిగలదు.

డ్రైవర్ అన్నట్టు పాత బిల్డింగులే. 2,343 మీటర్ల ఎత్తున, యూకలిప్టస్ వాసన మధ్య. 1876-78 నాటి కరువు తర్వాత, సూర్యుడికీ వానలకూ ఏమైనా లంకె ఉందేమో చూడాలన్న ఆలోచన ఈ అబ్జర్వేటరీకి ఒక కారణం. 1899 నుంచి ఇక్కడ పని సాగుతోంది. నూరేళ్లకు పైగా రోజూ సూర్యుడి ఫొటో తీస్తూ వచ్చారు, మబ్బు పట్టిన రోజులు తప్ప.

మ్యూజియం చిన్నది. చాలావరకు గోడల మీద బొమ్మలు, కొన్ని మోడల్స్. పావుగంటలో అయిపోతుంది, ఒక్క చోట ఆగకపోతే. మేం ఆగిపోయింది చీకటిగా ఉన్న ఒక మూల, తెర మీద పడుతున్న సూర్యుడి బొమ్మ దగ్గర. ఫొటో కాదు, ఆ క్షణాన బయట ఉన్న సూర్యుడే. గుండ్రటి తెల్లటి బింబం, సన్నగా వణుకుతూ. మీద మూడు చోట్ల మచ్చలు. ఒక మబ్బు పొగలా దాని మీదుగా సాగిపోయింది. మా అమ్మాయి దగ్గరికెళ్లి "మధ్యలో తెల్లగా ఉంది, అంచులు మసగ్గా ఉన్నాయేంటి?" అంది.

అక్కడి ఉద్యోగి ఒకాయన, కొంత ఇంగ్లిష్, కొంత తమిళం కలిపి చెప్పారు. సూర్యుడికి నేల లేదు. మనకు కనిపించే ఫొటోస్ఫియర్ కొన్ని వందల కిలోమీటర్ల మందాన ఉన్న వాయువు. మధ్యలోకి నిటారుగా చూస్తాం కాబట్టి చూపు లోతుకు, వేడి ఎక్కువున్న చోటికి వెళ్తుంది. అంచు దగ్గర చూపు ఏటవాలుగా పడి, పైన చల్లటి పొర దగ్గరే ఆగిపోతుంది. అందుకే మసక. ఆ సాయంత్రం కోకర్స్ వాక్ అనే కొండ అంచు నడకదారిలో మంచు దిగి, పది అడుగుల అవతల రెయిలింగ్ కూడా కనిపించనప్పుడు అది నాకు బాగా ఎక్కింది. మంచుకు గోడ ఎక్కడుంది? చూపు ఆగిన చోటే గోడ. సూర్యుడి "ఉపరితలం" అంటే కూడా అంతే, సుమారు 5,500 డిగ్రీల దగ్గర మన చూపు ఆగే చోటు.

మరి దాని కింద ఏముందో ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు, విన్నారు అన్నారాయన నవ్వుతూ. సూర్యుడి ఒళ్లంతా దాదాపు 5 నిమిషాలకోసారి పైకీ కిందికీ ఊగుతుందట. కుండను తట్టి పగులుందో లేదో చెప్పినట్టు, ఆ కంపనాలను బట్టి లోపలి పొరలను లెక్క కట్టారు. నడిమధ్యన 1.5 కోట్ల డిగ్రీల కేంద్రం. దాని మీద కాంతి అటూ ఇటూ తగులుకుంటూ వేల ఏళ్లపాటు పాకే మండలం. వ్యాసార్థంలో పై 30 శాతం మాత్రం పొయ్యి మీద పప్పులా తెర్లుతూ ఉంటుంది. ఆ బుడగలే గ్రాన్యూల్స్, ఒక్కోటి వెయ్యి కిలోమీటర్ల వెడల్పు.

అసలు టన్నెల్ టెలిస్కోప్ లోపలికి మమ్మల్ని పంపలేదు. బయటి నుంచి టవర్ చూశాం. దాని పైన అద్దాలు ఎండను పట్టి, 60 మీటర్ల సొరంగంలోకి పంపిస్తే, అక్కడ 34 సెంటీమీటర్ల సూర్యుడి బొమ్మ పడుతుంది. ఆ లెక్కన భూమి మెంతి గింజంత. ఇది రాకముందే, 1909లో, ఎవర్‌షెడ్ అనే శాస్త్రవేత్త ఇక్కడే సూర్యుడి మచ్చల అంచుల్లో వాయువు బయటికి పారుతోందని కనిపెట్టాడు.

మ్యూజియంలో తెర పక్కనే సూర్యకాంతిని విడదీసిన రంగుల పట్టీ, దానిలో నల్ల గీతలు, ఒక్కో మూలకానికి కొన్ని. కాల్షియం గీత వెలుతురులో తీసిన ఫొటోల్లో పై పొర క్రోమోస్ఫియర్ కనిపిస్తుంది. ఇక్కడ మా గుంటూరు గుర్తొచ్చింది. 1868 ఆగస్టు 18 గ్రహణం రోజు జాన్సెన్ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త గుంటూరులో ఈ పొర మీది జ్వాలల కాంతిలో ఇలాంటి గీతలు చూసి, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూశాడు. తెనాలికి పాతిక కిలోమీటర్ల దూరం, ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. సూర్యుడి అన్నిటికన్నా బయటి పొర కరోనా మాత్రం ఇక్కడి తెర మీద కనపడదు. పది లక్షల డిగ్రీలున్నా అంత పలచన. దాని కోసమే శ్రీహరికోట నుంచి 2023లో ఆదిత్య-ఎల్1 అంతరిక్షనౌక వెళ్లింది. అందులో కరోనాను చూసే పరికరం చేసింది ఈ అబ్జర్వేటరీని నడిపే సంస్థే.

మర్నాడు తొమ్మిదింటికి మళ్లీ వెళ్లాం, మచ్చలు ఎంత జరిగాయో గీసుకోవాలని అమ్మాయి పట్టు పట్టింది. తెర అంతా బూడిద రంగు. అరగంట కూర్చున్నాం. "ఇవాళ్టికి ఇంతే సార్" అన్నారాయన. కిందికి దిగుతూ దారిలో క్యారెట్లు కొనుక్కున్నాం, కిలో 50.