యానాం రేవులో గాలం పడవ: చేప కన్నా ముందు చెప్పవలసిన సంగతి

మాఘ పౌర్ణమి మరునాడు యానాం రేవు నుంచి గౌతమి పాయలో పండుగప్ప చేపల వేటకు ఒక ఇంజను పడవను ఆరు గంటలకు అద్దెకు తీసుకున్నాము. నేను, మా బావమరిది, పడవ నడిపే సరంగు, ఆయనకు సాయంగా వచ్చిన కుర్రవాడు, మొత్తం నలుగురం. పడవ ఇద్దరు అన్నదమ్ములది. పెద్దాయన రేవులో ఉండి లెక్కలు చూసుకుంటారు, తమ్ముడు సరంగుగా వస్తారు. వారికి బోర్డు లేదు. గాలం పడవ ఎక్కడని అడిగితే రేవులోని టీ కొట్టు వాళ్లే చూపిస్తారు. డీజిలుతో కలిపి అద్దె 4,500 రూపాయలు, ఎరకు కావలసిన బతికిన రొయ్యలకు విడిగా 200 రూపాయలు ఇచ్చాము.

ముందురోజు సాయంత్రం ఫోను చేసినప్పుడు నేను ఉదయం ఆరు గంటలకు వస్తామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. గడియారం చూసి కాదు, తిథి చూసి రమ్మన్నారు. రేపు పాడ్యమి కాబట్టి పోటు, అంటే సముద్రపు నీరు నదిలోకి ఎక్కడం, నిలిచేసరికి పది గంటలు అవుతుందని, ఆ నీరు వెనక్కి తీసే పాటు మొదలైన తరువాతే పండుగప్ప ఎర ముట్టుకుంటుందని, అందుకని ఎనిమిదిన్నరకు బయలుదేరితే చాలునని చెప్పారు. అద్దె గంటలు ఎక్కువ చూపించుకోవడానికి పెందలాడే రమ్మనేవారిని చూసిన నాకు ఈ మాటతోనే వారిమీద నమ్మకం కుదిరింది. మరొక సంగతి కూడా ఆయన అప్పుడే తేల్చి చెప్పారు: కోరింగ అభయారణ్యం హద్దులోని మడ కాలువలలోకి పడవను తీసుకుపోరు. ఎంత డబ్బు ఇస్తామన్నా పోరు.

పండుగప్పను గాలంతో పట్టని వారికోసం నాలుగు మాటలు చెప్పాలి. ఈ చేప తీపి నీటిలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి నది సముద్రంలో కలిసే మొగకు, ఉప్పునీటికి దిగుతుంది. మాఘం నాటికి గోదావరిలో వరద నీరు లేక ఉప్పు పైకి ఎక్కుతుంది కనుక యానాం చుట్టుపక్కల కూడా అది దొరుకుతుంది. పోటు మీద ఉన్నప్పుడు చిన్న కొయ్యంగ చేపలు, రొయ్యలు పిల్ల కాలువలలోకి ఎక్కి మడ వేళ్ల మధ్య మేస్తాయి. పాటు తీసేసరికి నీటితోపాటు అవన్నీ కాలువ నోటి దగ్గరికి దిగక తప్పదు. పండుగప్ప అక్కడ ఒక మోడు పక్కనో, వల గుంజ పక్కనో కదలకుండా కాచుకుని ఉంటుంది. ఆ వేట అంతా పాటు మొదలైన తరువాత ఒకటిన్నర, రెండు గంటలలోనే. మిగిలిన వేళంతా ఎదురుచూపే.

నేను ఉద్యోగరీత్యా మూడేళ్లు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉన్నాను. అక్కడి సరస్సులలో మస్కీ అనే చేప ఉంటుంది. ఒళ్లు పొడుగు, నోటినిండా పళ్లు. 1955 నుంచి అది ఆ రాష్ట్రపు అధికారిక చేప. పది వేల సార్లు గాలం విసిరితే ఒకటి పడుతుందని అక్కడి వారి నానుడి. ఎరను వెంబడించి పడవ అంచు దాకా వచ్చి వెనక్కి పోవడం దాని అలవాటు కనుక, ప్రతిసారీ గాలం చుట్టడం పూర్తయ్యాక కర్ర కొనను నీటిలో ముంచి పడవ పక్కనే ఎనిమిది అంకెలాగా తిప్పుతారు. ఒక అక్టోబరు సాయంత్రం నేను, నా సహోద్యోగి వెళ్లిన చిన్న పడవకు బ్యాటరీ చచ్చిపోయి నడి సరస్సులో ఆగిపోయాము. కనుచూపు మేరలో ఉన్న ఒకే ఒక పడవలో ఒక ముసలాయన అప్పుడే కంటపడిన పెద్ద మస్కీ కోసం నీటిలో ఎనిమిది తిప్పుతున్నారు. మేము చేయి ఊపగానే కర్ర పైకి తీసి, గాలం చుట్టి, మమ్మల్ని ఒడ్డు దాకా లాగి తీసుకువచ్చారు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ చేప సంగతి అడిగితే అది అక్కడే ఉంటుందిలే అన్నారు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మన దగ్గర నాకు ఎదురైన అనుభవం వేరు. పోయిన సంవత్సరం వేరొక రేవు నుంచి వేరొకరి పడవలో వెళ్లినప్పుడు ఇంజను ఆగి ఇసుక మేటకు అడ్డంగా పడిపోయాము. యాత్రికులతో నిండిన ఒక పెద్ద బోటు మాకు ఇరవై అడుగుల దూరంలో వేగం తగ్గించకుండా దూసుకుపోయింది. మేము చేతులు ఊపితే వాళ్లు కూడా సరదాగా చేతులు ఊపారు. ఆ బోటు లేపిన అలకు మా పడవలోకి మూడు బిందెల నీరు వచ్చింది. ఆ రోజు నుంచి ఏ పడవ ఎక్కినా ఇంజను కన్నా ముందు సరంగును గమనించడం నాకు అలవాటైంది. ఈ సమీక్ష రాయడానికి కారణం కూడా అదే.

పది దాటాక పాటు మొదలైంది. ఒక పిల్ల కాలువ నోటికి ఎదురుగా లంగరు వేసి, రొయ్య గుచ్చి మొదటి గంటలో రెండు చిన్న పండుగప్పలను పైకి తీశాము. పన్నెండు కావస్తుండగా కాలువ నోట్లో నీరు తెల్లగా విరిగింది. ఆ చప్పుడు పెద్ద చేపది. మా బావమరిది గాలం అటు వేసిన క్షణంలోనే సరంగు లేచి నిలబడ్డారు. ఆయన చూస్తున్నది చేపను కాదు. నది నడుమ పావు మైలు దూరంలో ఒక చిన్న పడవ అడ్డంగా తిరిగి మొగవైపు జారిపోతోంది, అందులో ఒకాయన ఎర్ర తువాలు ఊపుతున్నారు.

"మీరేం అనుకోకండి, గాలాలు చుట్టేయండి. ఆళ్లు పాటుకు కొట్టుకుపోతున్నారండి," అన్నారు సరంగు. అడిగినట్లు లేదు, చెప్పినట్లు ఉంది. నాకు నచ్చినది ఆ తీరే. అద్దె ఇచ్చినవాడు కాబట్టి నిర్ణయం అతనిదే అనుకునే సరంగు నీటిమీద పనికిరాడు. మా బావమరిది ఒక్క క్షణం మొహం చిట్లించిన మాట నిజం; ఆ పడవలో నాలుగేళ్ల పిల్ల కనబడగానే గబగబా గాలం చుట్టాడు.

తరువాతి గంటంబావు ఆ సరంగు చేసిన పని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే సాయం చేయాలన్న మనసు ఉన్నా తీరు తెలియక రెండు పడవలూ ముంచుకునేవారు ఉంటారు. ముందుగా ఆయన వారి మీదికి నేరుగా పోలేదు. చుట్టూ తిరిగి, మా పడవ ముక్కును ప్రవాహానికి ఎదురుగా పెట్టి, పది అడుగుల ఎడంలో గేరు తీసేశారు. "లోపలికి నీరొస్తోందా పెద్దయ్యా? అందరూ కూర్చోండి, ఎవరూ లేవకండి. మా పడవలోకి దూకకండి," అని గట్టిగా చెప్పారు. భయంలో ఉన్నవారు అందరూ ఒకేసారి లేచి ఒకే పక్కకు వస్తారని, పడవ బోల్తా పడేది అప్పుడేనని తరువాత వివరించారు. వారు అయిదుగురు, ఒక లంకలో చుట్టాల ఇంటికి పోయి తిరిగి వస్తున్నారు. చిరిగిన వల ముక్క ఒకటి నీటిలో తేలుతూ వచ్చి ఇంజను రెక్కలకు చుట్టుకుపోయింది. తెడ్డు ఒకటే ఉంది. లంగరు వేసినా బురదలో పట్టు చిక్కలేదట.

మోకు విసరడానికి ముందు ఆయన విసిరినవి లైఫ్ జాకెట్లు. పిల్లకు జాకెట్ తొడిగి, తాడు బిగించి, వాళ్ల అమ్మ చేయి ఎత్తి చూపించాకే మోకు చేతిలోకి తీసుకున్నారు. దానిని వారి పడవ ముందు భాగంలోని ఇనుప కడియానికి కట్టించారు, పక్క చెక్కకు కట్టబోతే వద్దన్నారు. పక్కకు కడితే లాగినప్పుడు పడవ ఒరుగుతుంది. మోకు పొడుగు యాభై అడుగులు ఉంటుంది. నైలాను మోకు సాగుతుంది, తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. అందుకని నన్ను వెనుక భాగం నుంచి లేపి ముందుకు పంపారు, అవతలి వారిని కూడా మోకుకు ఎదురుగా కూర్చోనివ్వలేదు. ఇంజను వేగం మనిషి నడకను మించనివ్వలేదు. కుర్రవాడు చేతిలో కత్తి పట్టుకుని మోకు మొదట్లోనే కూర్చున్నాడు. అవతలి పడవ మునిగే పరిస్థితి వస్తే మనుషులు జాకెట్లతో తేలుతారు, పడవ మమ్మల్ని లాగకుండా మోకు కోసేయాలి. ఇదంతా వారికి ముందే మాట్లాడుకుని అలవాటైన పనిలా కనబడింది.

ఎదురు పాటులో వారిని వారి రేవుకు చేర్చేసరికి ఒకటిన్నర. పెద్దయ్య అయిదు వందల నోటు తీశారు. సరంగు చేయి వెనక్కి తీసుకుని, "ఏమండీ, రేపు మా పడవ ఆగితే మీరు రారా?" అన్నారు. ఆ ఇంటి కుర్రాడు పరుగున వెళ్లి నాలుగు కొబ్బరి బొండాలు తెస్తే మాత్రం మారుమాట లేకుండా తీసుకున్నారు. డబ్బు వద్దన్నవాడు బొండాం కూడా వద్దంటే ఇంటివారిని చిన్నబుచ్చినట్లు అవుతుందని గోదావరి వారికి వేరే చెప్పాలా! సముద్ర చట్టం కూడా ప్రాణాపాయంలో ఉన్నవారిని ఆదుకోవడం ఓడ నడిపేవాడి విధి అంటుంది. రక్షణ పొందిన మనిషి దానికి ప్రతిఫలం ఇవ్వనక్కరలేదని 1989 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. మన సరంగు ఆ కాగితం చదివి ఉండరు.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. వారిని చేరుకున్నది ఆ చుట్టుపక్కల గిరిజన గ్రామాలవారు, సొంత పడవలతో. ఆ పడవను తరువాత అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పైకి తీసింది. అధికార యంత్రాంగం వచ్చేలోపు నదిలో దగ్గరగా ఉన్న పడవే దిక్కు. అయినా మొగ దగ్గరలో వేటకు పోయేవారు తీర రక్షక దళం వారి 1554 నంబరును ఫోనులో రాసి ఉంచుకోవాలి. సరంగు పడవలో ఆ నంబరు చుక్కాని పక్కన రంగుతో రాసి ఉంది.

ఇక లోపాలు. లైఫ్ జాకెట్లు నలుగురికి ఎనిమిది ఉండటం మెచ్చుకోదగినదే, ఆ రోజు అయిదుగురిలో నలుగురికి జాకెట్లు అందువల్లే అందాయి, తక్కువపడిన ఒకరికి మా బావమరిది తనది విప్పి ఇచ్చాడు. కానీ రెండింటికి బకిళ్లు విరిగి తాళ్లతో ముడివేసి ఉన్నాయి. ఇంత జాగ్రత్త గల మనుషులు ఇది ఎలా వదిలేశారో నాకు అర్థం కాలేదు. వారిచ్చే గాలపు కర్రలు ఏడడుగులవి, ఫరవాలేదు. ఒక రీలు మాత్రం ఉప్పు పట్టి తిరిగేటప్పుడు గరగరలాడింది. కొక్కేలు కొన్ని తుప్పువి. కొక్కెం తీయడానికి పొడవు మూతి పటకారు లేదు, పండుగప్ప మొప్పల మీది చెవి రేకు అంచు బ్లేడులా కోస్తుంది కనుక ఇది చిన్న లోటు కాదు, కుర్రవాడి బొటనవేలికి ఆ రోజే తెగింది. చేపను ఎత్తే వల ముడుల నైలానుది. దానివల్ల చేప ఒంటి జిగురు ఊడిపోతుంది, తిరిగి వదిలినా బతకడం కష్టం. రబ్బరు వల కొనమని చెప్పాను. నీడకు పైన కట్టిన టార్పాలిను సగం పడవకే వచ్చింది. ఎవరి సామాను వారు తీసుకుపోవడం మేలు.

వదలడం గురించి ఒక మాట. విస్కాన్సిన్‌లో చాలా సరస్సులలో 40 అంగుళాలకు తగ్గిన మస్కీని ఉంచుకోకూడదు, పెద్దది దొరికినా చాలామంది ఫొటో తీసి వదిలేస్తారు. మనది కూర వండుకునే నేల, అది ఇక్కడ అడగను. అయితే పండుగప్పలో చిన్నవి మగవి, అవే పెరిగి పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. గుడ్లు పెట్టేవి ఆ పెద్దవే. సరంగు మా రెండు చిన్న చేపలలో ఒకటి వదిలించారు, ఒకటి ఉంచుకోనిచ్చారు. మరీ పెద్దది పడితే ఏం చేస్తారని అడిగితే నవ్వి, పడనివ్వండి అన్నారు.

మేము తిరిగి కాలువ నోటికి వచ్చేసరికి పాటు సగం పైగా దిగిపోయి బురద బయటపడింది. ఆ పెద్ద చేప మళ్లీ కనబడలేదు. రేవులో పెద్దాయన తమ్ముడి ద్వారా సంగతి విని, గంటన్నర వేట పోయిందని వెయ్యి రూపాయలు వెనక్కి ఇవ్వబోయారు. మేము తీసుకోలేదు, ఆ డబ్బుతో బకిళ్లు మార్పించమని చెప్పాము. ఒక సూచన మాత్రం వారికి చేయాలి. దారిలో ఎవరైనా చిక్కుకుంటే పడవ ఆగుతుందని, దానికి అద్దె తగ్గింపు ఉంటుందో ఉండదో పడవ ఎక్కకముందే అందరికీ చెప్పాలి. మా బావమరిది వంటి మెత్తటివాడు కాక మరొకడు ఉంటే నడి నదిలో మాట పెరిగేది.

చైత్ర పౌర్ణమి మరునాటికి మళ్లీ పడవ మాట్లాడుకున్నాము. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది కనుక, తిథి ఆ లోపు పడితేనే మొగ దాకా వస్తామని, లేకుంటే యానాం వారధికి ఎగువనే తిప్పుతామని పెద్దాయన చెప్పారు. పటకారు నేను కొన్నాను. బకిళ్ల సంగతి చూసి మళ్లీ రాస్తాను.