సాడో దీవిలో కిన్ కోసం ఒక హైకూ

జపాన్ సొంత వంశానికి చెందిన చివరి తోకి (కొంగను పోలిన ఐబిస్ జాతి పక్షి) పేరు కిన్. అది 2003 అక్టోబరు 10న సాడో దీవిలోని సంరక్షణ కేంద్రంలో మరణించడంతో ఆ దేశపు తోకి వంశం అంతరించింది. నేడు అదే దీవి పొలాల మీద ఎగురుతున్న తోకిలు చైనా నుంచి తెచ్చిన పక్షుల సంతతి. ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తేనే సాడో యాత్ర మనకు దక్కినట్టని నా అభిప్రాయం.

ప్రధాన భూభాగంలోని నీగాత రేవు నుంచి దీవిలోని ర్యోత్సు రేవుకు జెట్‌ఫాయిల్ అనే వేగపు పడవ గంటకు కాస్త పైగా, కార్లను కూడా ఎక్కించుకునే ఓడ సుమారు రెండున్నర గంటలు తీసుకుంటాయి. తొందర లేనివారు ఓడనే ఎంచుకోవాలి. దీవిలో బస్సులు తక్కువ కనుక అద్దె కారు మేలు. భారతదేశంలో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లుతుంది.

నీబోలోని తోకి వన ఉద్యానానికి కనీసం ఒక పూట కేటాయించండి. ఒకప్పుడు జపాన్ అంతటా కనిపించిన ఈ పక్షిని మెయిజీ కాలంలో (1868–1912) ఈకల కోసం, మాంసం కోసం విచ్చలవిడిగా వేటాడారు. యుద్ధానంతరం పొలాల్లో చల్లిన పురుగుమందులు దాని తిండిని కూడా హరించాయి. 1968లో ఉజి కింతారో అనే స్థానికుడు ఒక పిల్ల పక్షికి రోజూ మేత పెట్టి, నమ్మకం సంపాదించి, చివరికి తన చేతులతోనే పట్టి సంరక్షణ కేంద్రానికి అప్పగించాడు. కింతారో అన్న పేరులోని మొదటి భాగమే ఆ పక్షికి ‘కిన్’ అన్న పేరయింది. 1981లో అడవిలో మిగిలిన ఐదింటినీ పట్టి తెచ్చినా కిన్‌కు సంతానం కలగలేదు. సుమారు 36 ఏళ్ల వయసులో, చూపు మందగించిన ఆ పక్షి ఒక ఉదయం హఠాత్తుగా పైకెగిరి, పంజరం తలుపుకు తల తగిలి చనిపోయింది. ప్రదర్శనశాలలో ఈ కథ చదివాక, గాజు పలక వెనుక అతి దగ్గరలో మేత ఏరుకుంటున్న తోకిని చూడటం తేలిక కాదు. నేను చాలాసేపు అక్కడే నిలబడి ఈ మూడు పాదాలు రాసుకున్నాను:

ముసలి రెక్క
ఒక్కసారి విచ్చింది—
కోసిన చేలు

హైకూ నియమం ప్రకారం, తెలుగు అక్షరాల లెక్కలో ఐదు, ఏడు, ఐదు. అక్టోబరు సాడోలో వరికోతలు ముగిసే కాలం. ఎవరు దోషులో, ఎంత నష్టమో చెప్పడానికి హైకూలో చోటు లేదు. చూసినదొక్కటే చెప్పి ఆగిపోవాలి. కిన్‌ను తలుచుకోవడానికి అంతకంటే మర్యాదైన పద్ధతి నాకు తోచలేదు.

బస విషయంలో, కామో సరస్సు ఒడ్డున ఉన్న వేడినీటి బుగ్గల హోటళ్లు రేవుకు దగ్గర, సౌకర్యంగానూ ఉంటాయి. అయినా నేను నీబో వైపు పొలాల మధ్య ఉన్న చిన్న ఇంటి బసనే సిఫారసు చేస్తాను, ఎందుకంటే తోకిలు మేతకు దిగే వేళ తెల్లవారుజామే. శాకాహారులు బుక్ చేసేటప్పుడే స్పష్టంగా చెప్పాలి. కూరగాయల సూపులో కూడా తరచూ చేపల రసం ఉంటుంది. అన్నం మాత్రం తప్పక అడిగి తినండి. తోకిల కోసం రసాయనాలు సగానికి తగ్గించి, పొలం పక్కన జలచరాలకు కాలువలు తవ్వి, చలికాలంలోనూ నీరు నిలిపే రైతులు పండించిన బియ్యం అది.

2008లో సంరక్షణలో పెంచిన పది తోకిలను ఆరుబయటికి వదిలారు. 2012లో ఆరుబయట గూటిలో పిల్లలు ఎగిరే దశకు చేరాయి. వాటిని చూసేటప్పుడు కారు దిగకపోవడం అక్కడి నియమం. పక్షి ఎగిరిపోతే మనం చూసింది మన కోరికనే గాని దాని జీవితాన్ని కాదు, కాబట్టి ఈ నియమం నాకు ఎంతో నచ్చింది.

సమయముంటే తిరుగు ప్రయాణంలో ప్రధాన భూభాగంపై ఉన్న ఇజుమోజాకికి వెళ్లండి. ఎగసే సముద్రం మీదుగా సాడో వైపు వాలిన పాలపుంతను హైకూ కవి బషో 1689లో హైకూగా చెప్పింది అక్కడేనంటారు. గనుల చరిత్రపై ఆసక్తి ఉన్నవారు ఐకావా బంగారు గనికి ఇంకో పూట కలుపుకోవచ్చు. నా మటుకు నేనైతే ఆ పూటను కూడా నీబో పొలాలకే ఇస్తాను.